దోసకాయ బస్సు

ముందూ వెనకా గుండ్రంగా ఉండేదని
ఆ బస్సును మా ఊళ్ళో అందరూ దోసకాయ అనేవాళ్ళు.
ఎర్ర దోసకాయ ఎక్కడైనా ఉంటుందా అని
ఒక్కరూ అడగలేదు.
సైలీషియాలో మంచు కూడా నల్లగానే పడుతుంటే
రంగుల సంగతి ఎవరికి పట్టింది?

ఇంజను లోపలే, డ్రైవరు అలోయిజ్ పక్కనే,
దుప్పటి కప్పుకున్న ముసలి ఎద్దులా గురకపెట్టేది.
చలికాలం దాని మూత మీద చోటు కోసం
పిల్లలం జుట్లు పట్టుకునేవాళ్ళం.
పిర్రలు కాలేవి, కాళ్ళు కొంకర్లు పోయేవి.
సగం ఉడికీ సగం పచ్చిగానూ బడి దగ్గర దిగేవాళ్ళం.

మా అమ్మ త్రూద, కండక్టరు.
మెడలో తోలుసంచి, చూపుడువేలికి రబ్బరు తొడుగు.
టికెట్టు చింపే చప్పుడును బట్టి
ఆ రోజు ఆమె కోపం ఎంతో చెప్పేవాణ్ణి.
నాకూ టికెట్టు కొట్టేది.
డబ్బు తన జేబులోంచి తీసి తన సంచిలోనే వేసేది,
ఆ చిల్లర చప్పుడు నాకు వినబడేలా.

మధ్యాహ్నం గని గేటు దగ్గర
స్నానాలు చేసి, తడి తలలతో ఎక్కేవాళ్ళు.
ఎంత రుద్దినా కనురెప్పల అంచున బొగ్గు నిలిచిపోయేది.
కాటుక పెట్టుకున్న అంతమంది మగవాళ్ళను
నేను ఇంకెక్కడా చూడలేదు.

శనివారాలు ఎర్విన్ వెదురుబుట్టలో పందెం పావురాలు తెచ్చేవాడు.
వాటికి సగం టికెట్టు అనేది అమ్మ.
"పోవడానికే కొట్టు త్రూదా,
రావడం అవే వస్తాయి" అనేవాడు.
ప్రతి శనివారం అదే మాట.
ప్రతి శనివారం బస్సంతా నవ్వేది.

కింద బొగ్గు తీసేకొద్దీ పైన ఊరు కుంగేది.
చర్చి స్టాపు దగ్గర రోడ్డు ఏటా ఓ జానెడు దిగేది.
బస్సు ఆ పల్లంలోకి జారగానే
సంచిలో చిల్లర, ఒళ్ళో టిఫిన్ డబ్బాలు
ఒక్కసారి గల్లుమనేవి.
కునుకు తీస్తున్నవాళ్ళు కళ్ళు తెరవకుండానే
"చర్చి" అని గొణిగి మళ్ళీ నిద్రపోయేవాళ్ళు.

ఒక ఫిబ్రవరి, మంగళవారం.
రెండుంబావుకి కదలాల్సిన బండి కదల్లేదు.
గని సైరను ఆగి ఆగి మోగింది.
అలోయిజ్ ఇంజను ఆపలేదు.
ఆపితే ఈ చలికి మళ్ళీ అంటుకోదు అన్నాడు.
అది నిజమే.
మూడయింది. నాలుగయింది.
మూత మీద ఆ రోజు ఎవరూ చోటు కోసం కొట్టుకోలేదు.
అమ్మ చేతిగుడ్డ తీసుకుని
ఎవరూ కూచోని సీట్లు తుడిచింది,
చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి.

చీకటి పడ్డాక పదకొండుమంది ఎక్కారు.
స్నానం చేయలేదు. నేనెవరినీ గుర్తుపట్టలేకపోయాను.
అమ్మ పద్నాలుగు టికెట్లు చింపింది.
మూడు సంచిలో పెట్టుకుంది.
డబ్బు తన జేబులోంచి తీసి వేసింది,
ఈసారి చప్పుడు కాకుండా, ఒక్కొక్క నాణెం.
చర్చి పల్లంలో బండి గల్లుమంది.
ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత టికెట్లకు మిషన్లు వచ్చాయి,
మధ్యలో అకార్డియన్‌లా మడతపడే పొడుగు బస్సులు వచ్చాయి.
ఒక దోసకాయను ఎర్విన్ భార్య హెడ్విగ
తుక్కు ధరకు కొని తన తోటలో దించుకుంది.
సీట్లు పీకించి చెక్క గూళ్ళు కొట్టించింది.
నలభై పావురాలు.
పలకరించడానికి వెళ్ళినప్పుడల్లా మూత మీద కూచునేవాణ్ణి.
రెట్టలు, ఈకలు, చల్లటి ఇనుము.
డ్రైవరు సీటు ఒక్కటి మాత్రం ఆమె ఉంచేసింది.
ఎందుకని అడిగితే,
కాళ్ళు నొప్పులు, కూచోవద్దూ అంది.

గని మూసి పదేళ్ళు దాటింది. పల్లం పూడ్చేశారు.
ఇప్పటి బస్సులో స్టాపు పేరు
ఎవరో అమ్మాయి గొంతు ముందే చెప్పేస్తుంది.
నిన్న కునికాను కాబోలు,
ఆ గొంతుకంటే ముందే "చర్చి" అన్నాను, పైకే.
పక్కనున్న కుర్రాడు చెవుల్లోవి తీసేసి,
లేచి, నాకు దారి ఇచ్చాడు.

నేను దిగేది ఇక్కడ కాదు బాబూ అనడానికి
మొహమాటం వేసి
దిగిపోయాను.